బిడ్డ జబ్బుకు ఎవరిది పాపం?



చక్కెర లేని కూల్‌డ్రింక్ డబ్బా ఎప్పుడైనా చేతికి వస్తే వెనక్కి తిప్పి చూడండి. అస్పర్టేమ్ అనే తీపి పదార్థం కలిపిన వాటి మీద చిన్న చిన్న అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంటుంది. ఫీనైల్‌కీటోన్యూరియా ఉన్నవారికి ఇది తగదు అని దాని అర్థం. మనలో చాలామందిమి ఆ మాట చదివి ఉండము. చదివినా నోరు తిరగక వదిలేసి ఉంటాము. ఈ వారం ఆ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాము. దాని వెనుక మన కాలేయంలో పగలూ రాత్రీ పనిచేసే ఒక ఎంజైము ఉంది. మన సంఘాలలో చాలాకాలంగా తప్పు జవాబు చెప్పుకుంటున్న ఒక ప్రశ్న కూడా ఉంది.

ఆ ప్రశ్న మాకు ఎదురైన సంగతి ముందు చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం, సేవలో అడుగుపెట్టిన కొత్తలో, ఒక పల్లెలో గృహ ప్రార్థనకు వెళ్ళాము. ఆ ఇంట్లో నాలుగేళ్ళ పిల్లవాడు. నడక రాలేదు, మాట రాలేదు. ముందుకూ వెనక్కీ ఊగుతూ గోడవారగా కూర్చున్నాడు. "మా వైపు ఏడు తరాల్లో ఇట్లాంటి బిడ్డ లేడండి అయ్యగారూ" అంది నానమ్మ, కోడలి వైపు చూస్తూ. ఆ కోడలు పరాయి పిల్ల కాదు, ఆమె సొంత తమ్ముడి కూతురే. కోడలు తల ఎత్తలేదు.

మేము సెమినరీలో చదువుకున్నవాళ్ళమే. అయినా ఆ రోజు చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ప్రార్థనకు ముందు ఆ దంపతులను పక్కకు పిలిచి, ఒప్పుకోవలసినది ఏదైనా ఉంటే దేవుని ముందు ఒప్పుకోండి అన్నాము. భర్త నేల చూశాడు. ఆమె ఏడ్చింది. బిడ్డ కోసం ఏడుస్తున్నదని అనుకున్నాము. మా మాటకే ఏడ్చిందని చాలాకాలానికి గాని తెలిసిరాలేదు. పిల్లవాణ్ణి ఏ డాక్టరుకు చూపించారని మాత్రం అడగలేదు.

ఆ బిడ్డకు ఉన్న జబ్బేమిటో ఎవరూ పరీక్ష చేయించలేదు. ఇక్కడ చెప్పబోయే జబ్బే అతనికి ఉండేదని మేము అనడం లేదు. కాని ఒక్క చిన్న ఎంజైము కథ అప్పుడే మాకు తెలిసి ఉంటే ఆ ఇంట్లో ఆ మాట అని ఉండేవాళ్ళము కాము.

చెరువు, తూము, అలుగు

మనం తినే పప్పు, పాలు, గుడ్డు, చేప, మాంసం అన్నిటిలోనూ మాంసకృత్తులు ఉంటాయి. అన్నంలో కూడా కొంత ఉంటుంది. అవి కడుపులో అరిగి అమైనో ఆమ్లాలు అనే చిన్న చిన్న ముక్కలుగా విడిపోతాయి. మన శరీరంలోని మాంసకృత్తులన్నీ ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో అల్లినవే. వీటిలో కొన్నిటిని శరీరం సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. ఫీనైల్‌అలనిన్ అలాంటిది. మరికొన్నిటిని శరీరమే తయారుచేసుకుంటుంది. టైరోసిన్ అలాంటిది. ఆ టైరోసిన్‌కు ముడిసరుకు ఫీనైల్‌అలనినే.

ఈ మార్పు చేసే ఎంజైము పేరు ఫీనైల్‌అలనిన్ హైడ్రాక్సిలేజ్. ఇది ముఖ్యంగా కాలేయంలో ఉంటుంది. 452 అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన గొలుసు ఇది. అలాంటి నాలుగు గొలుసులు ఒకటిగా కూడి పనిచేస్తాయి. ఒక్కొక్క గొలుసు నడుమ ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. పక్కన సహాయకుడిలా మరొక చిన్న పదార్థమూ ఉండాలి. ఇంత ఏర్పాటూ ఒకే ఒక్క పనికి: మనం పీల్చిన ఆక్సిజన్ నుంచి ఒక పరమాణువును తీసి ఫీనైల్‌అలనిన్‌కు తగిలించడం. అది తగలగానే ఫీనైల్‌అలనిన్ టైరోసిన్ అవుతుంది.

చేసిన పని చిన్నదిగానే కనిపిస్తుంది. కాని టైరోసిన్‌తో శరీరానికి ఎన్ని అవసరాలో చూడండి. మన చర్మానికీ వెంట్రుకలకూ నలుపునిచ్చే రంగు దాని నుంచే తయారవుతుంది. భయం వేసినప్పుడు గుండె దడదడలాడించే అడ్రినలిన్, మెదడులో కబురు మోసే డోపమైన్, మెడలోని థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోన్లు, అన్నిటికీ ఆధారం టైరోసినే.

దీన్ని మన ఊరి చెరువుతో పోల్చి చూద్దాము. కాలువ నుంచి చెరువులోకి వచ్చే నీరు ఫీనైల్‌అలనిన్. చెరువు కింద ఉన్న పొలాలకు పారే నీరు టైరోసిన్. నడుమ ఉన్న తూమే ఈ ఎంజైము. తూము బాగుంటే వచ్చిన నీరు వచ్చినట్టు పొలాలకు పోతుంది. తూము మూసుకుపోతే మూడు సంగతులు జరుగుతాయి. పైన చెరువు నిండి ఊరి మీదికి వస్తుంది. కింద పొలాలు ఎండుతాయి. మిగులు నీరు అలుగు మీదుగా పక్కదారి పడుతుంది.

పుట్టుకతోనే ఈ ఎంజైము పనిచేయని బిడ్డ శరీరంలో అచ్చంగా ఇదే జరుగుతుంది. రక్తంలో ఫీనైల్‌అలనిన్ పెరిగిపోతుంది. అది మెదడులోకి వెళ్ళే దారిలో గుంపుగా చేరి, మెదడు పెరుగుదలకు కావలసిన ఇతర అమైనో ఆమ్లాలను లోపలికి పోనివ్వదు. పండుగనాటి బస్సు మెట్ల దగ్గర ఒకే గుంపు నిలబడితే మిగతా ఊళ్ళవాళ్ళు ఎక్కలేనట్టు. ఇది ఊరి మీదికి వచ్చిన వరద. టైరోసిన్ చాలక వెంట్రుకలూ చర్మమూ తోబుట్టువులకంటే పాలిపోతాయి. ఇది ఎండిన పొలం. మిగిలిన ఫీనైల్‌అలనిన్ వేరే రసాయనాలుగా మారి మూత్రంలో పోతుంది. ఆ మూత్రానికీ బిడ్డ ఒంటికీ ముక్కవాసన లాంటి వాసన వస్తుంది. ఇది అలుగు. ఈ జబ్బునే ఫీనైల్‌కీటోన్యూరియా అంటారు. డాక్టర్లు పొట్టిగా పీకేయూ అంటారు.

ఇందులో గుండె పిండే సంగతి ఒకటుంది. ఈ బిడ్డ పుట్టినప్పుడు అందరు బిడ్డల్లాగే ముద్దుగా, ఆరోగ్యంగా ఉంటాడు. కడుపులో ఉన్నంతకాలం తల్లి శరీరమే ఆ మిగులును తీసివేస్తుంది. పుట్టి పాలు తాగడం మొదలుపెట్టాక చెరువు నిండడం మొదలవుతుంది. నెలలు గడిచేకొద్దీ ఎదుగుదల మందగిస్తుంది. కొందరికి మూర్ఛలు, చర్మంపై దద్దుర్లు వస్తాయి. ఇంట్లోవాళ్ళు అనుమానపడే సరికి మెదడుకు జరిగిన నష్టం చాలావరకు తిరిగి రానిది అయిపోతుంది.

వాసన వెంట వెళ్ళిన తల్లి

1934లో నార్వే దేశపు ఓస్లో నగరంలో ఒక తల్లి తన ఇద్దరు బిడ్డలను తీసుకుని ఆస్‌బ్యోర్న్ ఫాలింగ్ అనే వైద్యుని దగ్గరకు వచ్చింది. పెద్దది అమ్మాయి, చిన్నవాడు అబ్బాయి. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు. ఆమె అప్పటికే ఎందరో డాక్టర్లను చూసింది. పిల్లల ఒంటి నుంచి ఏదో వింత వాసన వస్తున్నదని చెబితే పట్టించుకున్నవారు లేరు. ఫాలింగ్ వైద్యుడే కాదు, రసాయన శాస్త్రం కూడా బాగా తెలిసినవాడు. పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేసి చూశాడు. తాను అనుకోని ముదురు ఆకుపచ్చ రంగు వచ్చింది.

ఆయన ఆ రంగును కొట్టిపారేయలేదు. మందులేమైనా వాడుతుంటే ఆపించి మళ్ళీ చూశాడు, మళ్ళీ అదే రంగు. ఆ తల్లి చేత ఇంకా ఎంతో మూత్రం తెప్పించి, వారాల తరబడి శ్రమపడి, ఆ రంగుకు కారణమైన పదార్థాన్ని వేరుచేశాడు. అది ఫీనైల్‌పైరువిక్ ఆమ్లం, మనం చెప్పుకున్న అలుగు నీరు. తరువాత బుద్ధిమాంద్యం ఉన్నవారి ఆశ్రమాలలో 430 మందిని పరీక్షిస్తే మరో ఎనిమిది మందిలో అదే కనిపించింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళలో కనిపించడంతో ఇది రక్తసంబంధం ద్వారా వచ్చేదని తెలిసింది.

ఒక తల్లి చెప్పిన మాటను ఒక వైద్యుడు నిజంగా విన్నందువల్ల మొదలైన కథ ఇది. మూసుకుపోయినది కాలేయంలోని ఈ ఎంజైమేనని జార్జ్ జెర్విస్ అనే శాస్త్రవేత్త 1953 నాటికి నిరూపించాడు.

ఆ రోజులలో ఐరోపా, అమెరికా దేశాలలో ఇలాంటి బిడ్డలు పుట్టిన కుటుంబాలు దేశానికి భారమని, అలాంటివారికి సంతానం కలగకుండా చేయాలని చదువుకున్నవారే వాదించారు. లయనెల్ పెన్‌రోజ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1946లో లండన్‌లో చేసిన ఒక ప్రసంగంలో ఈ జబ్బునే ఉదాహరణగా తీసుకుని ఆ వాదం ఎందుకు నిలబడదో చూపించాడు. ఈ లోపాన్ని మోసేవారు పైకి మామూలు ఆరోగ్యవంతులే, సమాజమంతటా ఉన్నారు. ఎవరిని వేరుచేస్తారు?

పెర్ల్ బక్ మోసిన భారం

ఈ జబ్బు మిషనరీ ఇంటి గడప కూడా తొక్కింది. పెర్ల్ బక్ పేరు మన పాఠకులలో కొందరికైనా తెలిసే ఉంటుంది. చైనాలో సేవచేసిన ప్రెస్బిటేరియన్ మిషనరీ దంపతుల కుమార్తె ఆమె. 1938లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పొందింది. ఆమె కూతురు కారల్ 1920లో చైనాలో పుట్టింది. బిడ్డ అందంగా ఉంది. కాని మాట రాలేదు, బుద్ధి ఎదగలేదు. ఎందరు డాక్టర్లను చూసినా కారణం తెలియలేదు. 1929లో కారల్‌ను అమెరికాలోని న్యూజెర్సీలో అలాంటి పిల్లల కోసం నడిచే ఒక సంస్థలో చేర్పించారు. అక్కడి ఖర్చులకు డబ్బు కావాలన్న అవసరం ఆమెను రాయడానికి పురికొల్పిన కారణాలలో ఒకటి.

చాలా ఏళ్ళు ఆమె కూతురి సంగతి లోకానికి చెప్పుకోలేదు. 1950లో చివరికి పుస్తకంగా రాసింది. ఎక్కడెక్కడి తల్లిదండ్రులో తమ ఇంటి దుఃఖాన్ని దానిలో చూసుకున్నారు. అప్పటికీ ఆమెకు జబ్బు పేరు తెలియదు. కారల్‌కు ఉన్నది పీకేయూ అని తరువాతి ఏళ్ళలో బయటపడింది. కారల్ 1992లో చనిపోయింది. ఆమె పుట్టిన 14 ఏళ్ళకు జబ్బు ఉనికి తెలిసింది. 33 ఏళ్ళకు దానికి మందులాంటి ఆహారం దొరికింది. ఆ తల్లి చేసిన తప్పు ఏదీ అందులో లేదు. తెలియవలసిన సంగతి తెలిసే కాలం రాలేదు, అంతే.

నీటిని కాలువ దగ్గరే తగ్గించడం

తూము బాగుచేయలేము. మరి ఏమి చేయాలి? చెరువులోకి వచ్చే నీటిని తగ్గించవచ్చు గదా! ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రిలో హోర్స్ట్ బికెల్ అనే వైద్యుడు, ఆయన తోటివారు 1950ల మొదట్లో ఈ పని చేసి చూపించారు. అక్కడ కూడా వెంటపడింది ఒక తల్లే. రెండేళ్ళయినా నిండని తన కూతురికి పీకేయూ అని తేల్చాక, ఆమె రోజూ ఉదయాన్నే వారి ప్రయోగశాల గుమ్మం దగ్గరకు వచ్చి, జబ్బు పేరు చెప్పారు సరే, ఏమి చేస్తారో చెప్పండి అని అడిగేదట.

పాలలోని మాంసకృత్తును అమైనో ఆమ్లాలుగా విడగొట్టి, బొగ్గుపొడి గుండా వడపోసి, ఫీనైల్‌అలనిన్‌ను తీసివేశారు. మిగిలినదానికి మళ్ళీ టైరోసిన్ మొదలైనవి చేర్చి ఆ బిడ్డకు పట్టించారు. ఫీనైల్‌అలనిన్ కూడా శరీరానికి కొంత కావాలి కనుక కొలత ప్రకారం కొద్దిగా పాలు కలిపారు. కొన్ని నెలలలో ఆ బిడ్డ పాకడం నేర్చుకుంది. నిలబడింది. వెంట్రుకలు నల్లబడసాగాయి. తల కొట్టుకుని ఏడవడం మానింది. నిజంగా ఆహారం వల్లనేనా అని తేల్చుకోవడానికి వైద్యులు తల్లికి చెప్పకుండానే ఫీనైల్‌అలనిన్ మళ్ళీ కలిపారు. కొద్దికాలంలోనే బిడ్డ నేర్చుకున్నదంతా పోగొట్టుకోసాగింది. తల్లి విలవిలలాడింది. అప్పుడు ఆమెకు నిజం చెప్పి, ఆమె అంగీకారంతోనే మరోసారి చేసి చూపించారు. తల్లికి చెప్పకుండా చేయడం మెచ్చుకోదగిన పని కాదు. కాని 1953లో వారు ప్రకటించిన ఫలితం వేలాది బిడ్డలకు బ్రతుకునిచ్చింది.

అయితే ఆ పాప పూర్తిగా కోలుకోలేదు. ఆహారం మార్చే సరికే ఆలస్యమైపోయింది. బిడ్డ పుట్టిన మొదటి వారాలలోనే, ఏ లక్షణమూ కనబడక ముందే, ఆహారం మార్చాలి. లక్షణమే లేని బిడ్డలో జబ్బును పట్టుకోవడం ఎలా?

మడమ నుంచి రక్తపు చుక్క

దానికి జవాబు చెప్పినవాడు అమెరికాలోని బఫెలో నగరంలో పనిచేసిన రాబర్ట్ గత్రీ. ఆయన కొడుకు ఒకడు బుద్ధిమాంద్యంతో పుట్టాడు. అది పీకేయూ కాదు. కాని బంధువుల బిడ్డ ఒకతెకు పీకేయూ ఆలస్యంగా బయటపడింది. అప్పటికే నష్టం జరిగిపోయింది. గత్రీ తన చదువునంతా ఆ వైపు తిప్పాడు. పసిబిడ్డ మడమ మీద చిన్నగా గుచ్చి, ఒక్క చుక్క రక్తాన్ని దళసరి వడపోత కాగితం మీద ఆరబెట్టించాడు. ఆ కాగితపు బిళ్ళను ఒక రకం సూక్ష్మజీవులున్న పళ్ళెంలో పెట్టేవాడు. రక్తంలో ఫీనైల్‌అలనిన్ మితిమీరి ఉంటేనే బిళ్ళ చుట్టూ ఆ జీవులు పెరుగుతాయి. ఖర్చు బహు తక్కువ. కాగితాన్ని పోస్టులో పంపవచ్చు. 1963లో ఈ పద్ధతి అచ్చయింది. అప్పటికే అమెరికాలో లక్షలాది పసిబిడ్డలకు ఆ పరీక్ష చేశారు.

ఈనాడు అనేక దేశాలలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేస్తారు. యంత్రాలు మారాయి, అదే ఒక్క చుక్కలో ఇంకా ఎన్నో జబ్బులను చూస్తున్నారు. పీకేయూ ఉన్నదని మొదటి రోజులలోనే తెలిసి, ఆహార నియమం పాటించిన పిల్లలు బడికి వెళ్తున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. నియమం సులభం కాదు. మాంసం, చేప, గుడ్డు, పప్పు, వేరుసెనగ దాదాపు మానాలి. పాలు, అన్నం కొలతతో తినాలి. ప్రత్యేకమైన పొడి ఒకటి రోజూ తాగాలి. జీవితాంతం పాటించాలి. ఈ జబ్బు ఉన్న స్త్రీ గర్భవతి అయ్యేటప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి, లేకపోతే కడుపులోని బిడ్డకు హాని. కొందరికి పనికివచ్చే మందులు కూడా ఈ మధ్య కాలంలో వచ్చాయి.

మన ఇండ్లలో ఈ మాట ఎందుకు?

పీకేయూ మన దేశంలో ఐరోపాలో కంటే అరుదు. మరి ఇంతసేపు ఎందుకు చెప్పారని మీరు అడగవచ్చు. కారణం ఉంది. తూములు మన శరీరంలో వందలాది ఉన్నాయి. ఒక్కొక్కటి మూసుకుపోవడం అరుదే. అన్నీ కలిపితే అరుదు కాదు. హైదరాబాద్‌లోని నాలుగు ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది పసిబిడ్డలకు ఇటువంటి పరీక్ష చేసి 2004లో ప్రకటించారు. దాదాపు ప్రతి వెయ్యిమందిలో ఒకరికి ఏదో ఒక పుట్టుకతో వచ్చిన జీవరసాయన లోపం కనిపించింది. థైరాయిడ్ లోపమైతే దాదాపు 1,700 మందిలో ఒకరికి ఉంది. అది తెలియకపోతే ఆ బిడ్డకూ బుద్ధి ఎదగదు. తెలిస్తే రోజుకొక చిన్న మాత్రతో సరిపోతుంది.

ఇలాంటి లోపాలలో చాలావాటి లెక్క ఒకటే. మనకు ప్రతి జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. ఒకటి చెడినా రెండవది బాగుంటే తూము పనిచేస్తుంది, మనిషికి ఏమీ తెలియదు. తల్లి దగ్గరా తండ్రి దగ్గరా అదే జన్యువు ఒక్కొక్కటి చెడి ఉండి, ఆ చెడిన రెండూ ఒకే బిడ్డకు వస్తేనే జబ్బు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఆ అవకాశం ఉంటుంది. మనలో ప్రతి ఒక్కరమూ ఇలాంటి దాగిన లోపాలు కొన్నిటిని మోస్తూనే ఉన్నాము. పాస్టరుగారైనా, పెద్దలైనా, ఎవరైనా.

దగ్గరి బంధువులు పెళ్ళాడితే ఒకే తాతముత్తాతల నుంచి ఒకే చెడిన ప్రతి ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం పెరుగుతుంది. మేనమామను, మేనబావను చేసుకోవడం మన దగ్గర పాత అలవాటు. ఆంధ్రప్రదేశ్‌లో ఈనాటికీ దాదాపు నాలుగో వంతు పెళ్ళిళ్ళు బంధువుల మధ్యనే. మేనమామ, మేనకోడళ్ళ మధ్య ఈ ప్రమాదం బావామరదళ్ళ కంటే ఎక్కువ. ఆస్తి బయటికి పోదని, పిల్ల కళ్ళముందే ఉంటుందని చేస్తారు. క్రైస్తవ కుటుంబాలలో అడిగితే, యాకోబు తన మేనమామ కూతుళ్ళనే చేసుకున్నాడు గదండీ అంటారు. నిజమే. అదే యాకోబు అక్కచెల్లెళ్ళిద్దరినీ కూడా చేసుకున్నాడు. అది మన పిల్లలకు ఆదర్శమని ఎవరమూ చెప్పము. జరిగినది రాసి ఉండడం వేరు, అలా చేయమని ఆజ్ఞ ఇవ్వడం వేరు.

మేనరికం చేసుకున్న వారిని నొప్పించాలని ఇది రాయడం లేదు. అలాంటి ఇండ్లలో ఎక్కువమంది బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు. బయటి సంబంధం చేసుకున్నవారికి ఈ జబ్బులు రావనీ కాదు. ఇకముందు చేయబోయే పెళ్ళిళ్ళ గురించి ఆలోచించమని మాత్రమే మా మనవి.

ఇప్పుడు ఆ పల్లెలోని నానమ్మ మాటను మరొకసారి చూడండి. "మా వైపు లేదు" అన్నది ఆమె. కోడలు ఆమె తమ్ముడి కూతురే. రెండు వైపులూ ఒకటే. ఒకవేళ అది ఇలాంటి లోపమే అయితే చెడిన జన్యువు ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి సరిసమానంగా వచ్చి ఉంటుంది. కోడలి మీద నేరం మోపడానికి ఈ లెక్కలో ఎక్కడా చోటు లేదు.

పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును అడిగినదీ ఇదే ప్రశ్న. తప్పు అతనిదా, తల్లిదండ్రులదా? ఇద్దరిదీ కాదని ప్రభువు చెప్పి, వెంటనే అతని కోసం చేయవలసిన పని వైపు తిరిగాడు. ఆ అధ్యాయం మీద మేము ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఆ ఇంట్లో మాత్రం ప్రభువు పక్కన నిలబడలేదు, శిష్యుల పక్కన నిలబడ్డాము.

మనం చేయగలిగినవి

ఒకటి. మీ ఇంట్లో కాన్పు ఉంటే, బిడ్డ పుట్టి 24 గంటలు దాటాక, మూడు రోజులలోపు మడమ రక్తంతో చేసే న్యూబార్న్ స్క్రీనింగ్ పరీక్ష ఉందా అని డాక్టరును అడగండి. మన దేశంలో అన్ని ఆసుపత్రులలోనూ అది దానంతట అదే జరగదు, అడగాలి. కనీసం థైరాయిడ్ పరీక్షయినా చేయించండి. ఇంటికి వచ్చాక గుర్తొచ్చినా, ఆలస్యం చేయకుండా వెళ్ళి అడగండి.

రెండు. బంధుత్వంలో పెళ్ళి జరిగి ఉంటే, లేదా ఇంట్లో ఇంతకుముందు ఎదుగుదల లేని బిడ్డ పుట్టి ఉంటే, ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. జన్యు సలహా ఇచ్చే వైద్యులు పెద్ద నగరాలలో ఉన్నారు.

మూడు. ఎదుగుదల లేని ప్రతి బిడ్డకూ ఈ జబ్బే ఉందని అనుకోవద్దు. కారణాలు అనేకం. సొంతంగా పాలు, పప్పు మాన్పించవద్దు. ఫీనైల్‌అలనిన్ మరీ తగ్గినా బిడ్డకు హానే. పరీక్ష తరువాత వైద్యులు చెప్పినట్టే చేయాలి.

నాలుగు. మీ సంఘంలో ఆహార నియమం ఉన్న బిడ్డ ఉంటే, ప్రేమవిందులో ఆ బిడ్డ ముందు బిర్యానీ పెట్టి "ఒక్క ముద్దేగా, ప్రార్థన చేసుకుని తిను" అనవద్దు. ఆ ఒక్క ముద్దే ఆ బిడ్డకు వరద. సండే స్కూల్లో గుడ్డు, పాలు, వేరుసెనగ ఉండలు పంచే రోజున ఆ బిడ్డకు తగిన పండు ఒకటి సిద్ధంగా ఉంచండి. ప్రార్థన చేశాము గనుక నియమం మానమని ఏ సేవకుడూ చెప్పకూడదు. ప్రార్థనా ఆగకూడదు, నియమమూ ఆగకూడదు.

ఐదు. తోటి సేవకులకు ఒక మాట. ప్రార్థన కోసం అలాంటి బిడ్డను తెచ్చిన తల్లిని మొట్టమొదట పాపం గురించి అడగకండి. డాక్టరు ఏమన్నారమ్మా అని అడగండి. చూపించలేదంటే తోడు వెళ్ళండి. ఓస్లోలోని ఆ వైద్యుని దగ్గర నేర్చుకోవలసినది కూడా ఇదే: తల్లి చెప్పిన మాట వినండి. వాసన వస్తున్నదంటే వాసన గురించి అడగండి.

ఆ పల్లెకు మేము కొన్నేళ్ళ తరువాత మళ్ళీ వెళ్ళాము. ఆ కుటుంబం పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్ళిపోయిందని చెప్పారు. ఎక్కడికి వెళ్ళారో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ తల్లి ఎక్కడైనా ఈ మాటలు చదువుతుంటే ఆమెకు చెప్పవలసినది ఒక్కటే. అమ్మా, ఆ రోజు తప్పు మాది. మమ్మల్ని క్షమించండి.